మాస్టారూ, నేను చదివేది ఆ పుస్తకాలే

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది చదివాను. వాళ్ళ మనవరాలు సెలవులకు వచ్చి, రక్తం తాగే పిశాచాన్ని ఒక పిల్ల ప్రేమించే ఇంగ్లిష్ నవలలు పట్టుకుని పది రోజులూ మంచం దిగలేదట. ఆయనకు కడుపు మండింది. వీటివల్ల ఎవరికి ఏం ప్రయోజనం అని అడిగారు. మనవరాలిని అడిగారో లేదో రాయలేదు. పేపర్లో అడిగారు కాబట్టి జవాబు నేనూ చెప్పొచ్చనుకుంటున్నా. మాస్టారూ, నేను చదివేది ఆ పుస్తకాలే. నాకు యాభై రెండేళ్ళు. మంచం మీద పడుకుని చదివే తీరిక లేదు గానీ, ఉంటే నేనూ దిగను.

నెల్లూరులో ఒక బ్లడ్ బ్యాంక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఇప్పుడు కాగితాల మీద బ్లడ్ సెంటర్ అని రాయాలి. ఆటో అతనికి అలా చెబితే మాత్రం ఇంకెక్కడో దింపుతాడు. పగలంతా రక్తం తీయడం, గ్రూపు చూడడం, బ్యాగులకు లేబుళ్ళు అంటించడం. రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికితే రక్తపిశాచాల ప్రేమకథలు. మా పై అధికారి ఒకాయన నా బల్ల మీద పుస్తకం అట్ట చూసి, "రక్తం దగ్గర కూర్చుని మళ్ళీ రక్తం పుస్తకాలేనా అమ్మా, విసుగు పుట్టదా?" అన్నారు. ఆయన ఇంటికెళ్ళి ఆసుపత్రి సీరియల్ చూస్తారని మాకందరికీ తెలుసు.

పరాయి దేశం చెత్త అని మాస్టారు ఒక మాట వాడారు. ఆ మాట దగ్గర నాకు మా జేజి, అంటే నాన్నమ్మ, గుర్తొచ్చింది. అల్లూరు పక్క పల్లె మాది. నా చిన్నప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళ తలుపుల మీద సున్నంతోనో బొగ్గుతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే అంతేననీ, తలుపు మీద రాత చూసి ఆ పూటకు వెళ్ళిపోతుందనీ చెప్పేవాళ్ళు. మర్నాడు వస్తే మళ్ళీ రేపు రమ్మనే ఉంటుంది. "జేజీ, దయ్యానికి చదవడం వచ్చా?" అని అడిగా. "రాకుంటే ఎట్టా పోద్ది మ్మే?" అంది. జేజికి అక్షరం ముక్క రాదు. మా ఇంటి తలుపు మీద రాత చదవగలిగింది అప్పటికి ముగ్గురే, మా నాన్న, అమ్మ, ఆ దయ్యం.

చాలా ఏళ్ళ తర్వాత, పిలవకపోతే రక్తపిశాచి ఇంటి గడప దాటలేదనే కట్టుబాటు ఇంగ్లిష్ నవలల్లో చదివినప్పుడు నాకు కొత్తేమీ అనిపించలేదు. అక్కడ ఇంట్లోవాళ్ళు పిలవకూడదు, ఇక్కడ దయ్యం పిలిస్తే పలకకూడదు. గడప ఒకటే. ఇంకో సంగతి కూడా ఉంది మాస్టారూ. చందమామలో మనం నెలనెలా చదివిన విక్రమార్కుడు, బేతాళుడి కథలకు మూలం పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లిష్ ఆయన 1870లో ఆ కథల్ని తన భాషలోకి తీసుకుపోతూ బేతాళుడికి ఏం పేరు పెట్టాడో తెలుసా, వాంపైర్ అని, అంటే రక్తపిశాచి. రక్తపిశాచాల నవలల్లో పేరుమోసిన డ్రాకులా వచ్చింది 1897లో. అంటే అంతకు ఇరవై ఏడేళ్ళ ముందే మన బేతాళుడు ఆ పేరుతో లండన్ చేరాడు. నిజం చెప్పాలంటే మనవాడు రక్తం తాగడు. శవంలో దూరి భుజం మీద ఎక్కి కథలు చెబుతాడు, చివర్లో ప్రశ్న వేసి తల వక్కలవుతుందని బెదిరిస్తాడు. కథ చెప్పి ప్రయోజనం ఏమిటని అడిగే అలవాటు ఆయనదీ, మాస్టారిదీ.

మా అమ్మ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు పావలా. మా నాన్నకు ఇష్టం లేదు. అమ్మ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని, చేట కింద నవల పెట్టుకుని, రాళ్ళు ఏరుతున్నట్టు తలొంచుకుని గంటలు గంటలు కూర్చునేది. మా ఇంట్లో అన్నంలో రాళ్ళు ఎందుకు తగులుతాయో మా నాన్నకు చివరిదాకా తెలియలేదు. వారపత్రికలో సీరియల్ వస్తే పక్కింటి వాళ్ళు చదివేశాక అడిగి తెచ్చి, ఆ పేజీలు మాత్రం జాగ్రత్తగా చించి, గోనె కుట్టే సూదితో పురికొస పోసి పుస్తకం కుట్టేది. తులసిదళం సీరియల్‌గా వచ్చే రోజుల్లో అమ్మకు చేతబడి భయం పట్టుకుని, రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళాలంటే లాంతరిచ్చి నన్ను ముందు నడవమనేది. ఏడెనిమిదేళ్ళ దాన్ని. అంత భయపడి, మళ్ళీ వచ్చే వారం పత్రిక ఎప్పుడొస్తుందా అని వీధి వైపు చూసేది. భయం కూడా సరదా అవుతుందని నాకు మొదట చూపించింది అమ్మే.

ఇంగ్లిష్ నవలల్లోకి నన్ను దించింది మా అమ్మాయి. 2011లో ఇంటర్ చదువుతూ ట్విలైట్ అనే నవల తెచ్చింది, రక్తపిశాచాన్ని ఒక పిల్ల ప్రేమించే కథే. కెమిస్ట్రీ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదువుతుంటే పట్టుకుని, తిట్టి లాక్కున్నా. ఇందులో ఏముందో చూద్దామని ఆ రాత్రి డ్యూటీకి తీసుకెళ్ళా. నేను తెలుగు మీడియం. బ్యాగులో శంకరనారాయణ నిఘంటువు ఉన్నా, పేజీకి ఆరు మాటలు వెతకాల్సి వచ్చేది. నలభయ్యో పేజీ దగ్గర వెతకడం మానేశా. తెలియని మాటల మీద నుంచి దూకుతూ పోయా, కాలవ దాటినట్టు. తెల్లారేసరికి నూట పాతిక పేజీలు. పుస్తకం అమ్మాయికి తిరిగి ఇవ్వలేదు, నేను పూర్తి చేశాకే ఇస్తానన్నా. అది ఎక్కిరించిన ఎక్కిరింపు ఇప్పటికీ మానలేదు.

ఇక్కడ మీరు, మాస్టారూ, "చూశారా, ఇంగ్లిష్ మెరుగైంది, అదీ ప్రయోజనం" అని నాకు దారి చూపించొచ్చు. వద్దు. మెరుగైన మాట నిజమే, కానీ ఇంగ్లిష్ కోసం చదవలేదు. అమ్మాయీ నేనూ దగ్గరయ్యామనీ అనొచ్చు. అదీ నిజమే. దాని కోసమూ చదవలేదు. ఆ అబ్బాయి ఆ పిల్లని ముద్దు పెట్టుకుంటాడా కొరుకుతాడా అని చదివా.

నా ఉద్యోగం వల్ల మిగతావాళ్ళకు దొరకని సరదా ఒకటి నాకు దొరుకుతుంది. ఈ నవలల్లో రక్తం గురించి రాసే తప్పులు. డ్రాకులాలో లూసీ అనే అమ్మాయికి ఒంట్లో రక్తం తగ్గిపోతుంటే డాక్టర్లు నలుగురు మగవాళ్ళ రక్తం ఒకరి తర్వాత ఒకరిది ఎక్కిస్తారు. ఎవరి గ్రూపూ చూడరు. చూడడానికి అప్పటికి గ్రూపులనేవి ఉన్నాయని తెలిస్తే కదా! పుస్తకం వచ్చింది 1897, ల్యాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తం గ్రూపుల సంగతి ప్రకటించింది 1901. నలుగురిలో ఒక్కరి గ్రూపు పడకపోయినా చాలు, చలి, జ్వరం, నడుంనొప్పి, కిడ్నీలు దెబ్బతినడం. ఆ పిల్ల ప్రాణం పోవడంలో డ్రాకులా పాపం ఎంతో, డాక్టర్ల పాపం ఎంతో అని నాకు ఇప్పటికీ అనుమానం. నైట్ డ్యూటీలో ఆ పేజీలు చదువుతూ పైకే "గ్రూపు చూడండయ్యా!" అని అరిచా. సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు.

అన్నట్టు, ట్విలైట్ హీరో పుట్టింది కూడా 1901లోనే. 1918 ఫ్లూలో చావబోతుంటే పిశాచంగా మారుస్తారు. గ్రూపులు తెలిసిన ఏడాది పుట్టిన పిశాచమని నాకు వాడి మీద కాస్త అభిమానం.

ఈమధ్య వచ్చే నవలల్లో మంచి పిశాచాలు ఎక్కువయ్యాయి. మనుషుల్ని కొరకరు, ఆసుపత్రి నుంచి రక్తం బ్యాగులు దొంగతనం చేసి గ్లాసులో పోసుకుని తాగుతారు. చదివినప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది. 350 మిల్లీలీటర్ల బ్యాగులో గడ్డకట్టకుండా 49 మిల్లీలీటర్ల మందు ముందే ఉంటుంది. అందులో సిట్రేట్ ఉంటుంది, నిమ్మకాయలో పులుపు జాతిదే. రెండు నుంచి ఆరు డిగ్రీల చల్లదనంలో పెడతాం, 35 రోజులు దాటితే పారేస్తాం. అంటే ఆ రాకుమారుడు తాగేది చల్లారిన రక్తంలో పంచదార, పులుపు కలిపిన ఒక షర్బత్. అదైనా తాగనీ. మర్నాడు పొద్దున స్టాకు రిజిస్టర్లో ఒక బ్యాగు తగ్గితే సంజాయిషీ రాయాల్సిన టెక్నీషియన్ ఎవరో ఏ రచయిత్రీ పట్టించుకోదు. ఆ టెక్నీషియన్ వైపు నుంచి ఒక నవల రాస్తే నేను అచ్చు ఖర్చులు కూడా పెట్టుకుంటా.

ఎండ సంగతీ అంతే. ఎండ తగిలితే పిశాచం బూడిదైపోతుందని అందరూ అనుకుంటారు. డ్రాకులా నవల చదివిచూడండి, ఆయన పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, పగలు శక్తి తగ్గుతుంది, అంతే. ఎండకు చచ్చిపోవడం 1922లో జర్మనీలో తీసిన ఒక మూకీ సినిమా పెట్టిన అలవాటు. ట్విలైట్‌లో అయితే ఎండలో మెరుస్తారు. అందుకే ఎప్పుడూ వాన పడే ఊరు చూసుకుని కాపురం పెట్టారు. మే నెలలో నెల్లూరు వస్తే మెరుపు సంగతి తర్వాత, ముందు వడదెబ్బకు మా ఆసుపత్రిలోనే చేరతారు. ఎల్లిపాయ అంటే భయపడే పిశాచాలు మా వీధిలోకి అడుగు కూడా పెట్టలేరు, ఆదివారం పదకొండు గంటలకు ప్రతి ఇంట్లో చేపల పులుసు పొయ్యి మీద ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి, దాచను. వందేళ్ళు దాటిన మగాడు పదిహేడేళ్ళ పిల్ల నిద్రపోతుంటే కిటికీలోంచి దూరి రాత్రంతా చూస్తూ కూర్చోవడం ప్రేమ అంటే నేను ఒప్పుకోను. మా మూలాపేటలో ఎవడైనా ఆ పని చేస్తే ముందు నాలుగు తగిలించి తర్వాత పోలీసులకు చెబుతారు. అమ్మాయీ నేనూ దీని మీద రెండు రోజులు పోట్లాడుకున్నాం. చివరికి దానికీ చిరాకేనని తేలింది. పుస్తకాన్ని ఇష్టపడుతూనే అందులో తప్పు పట్టుకోగలిగింది. మాస్టారూ, మీ మనవరాలూ పట్టుకునే ఉంటుంది, అడగండి. తోడేలుగా మారే మగాళ్ళ నవలలు నాకు ఎక్కవు. ఎప్పుడూ చొక్కా లేకుండా తిరుగుతూ, మాటకు ముందు గుర్రుమంటారు. అలాంటివాళ్ళను కౌంటర్ దగ్గర రోజూ చూస్తూనే ఉన్నా.

ఒక రాత్రి సంగతి రాస్తాను. కార్తీక మాసం, ఎడతెగని వాన. ప్లేట్‌లెట్ల పెట్టె పక్కన నా కుర్చీ. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఆపకుండా అటూ ఇటూ ఊపుతూనే ఉండాలి. ఆ యంత్రాన్ని మేం ఉయ్యాల అంటాం. లేత పసుపు రంగు బ్యాగులు అందులో నిద్రపోతున్నట్టు ఊగుతుంటాయి. రెండు గంటల వేళ ఆత్మకూరు వైపు నుంచి ఒకతను వచ్చాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి, తడిసిన లుంగీ, చేతిలో శాంపిల్, చీటీ. చెల్లెలికి కాన్పు, రెండు బ్యాగులు సిద్ధంగా ఉంచమన్నారట. గ్రూపు చూసి, క్రాస్ మ్యాచ్‌కి, అంటే బ్యాగులో రక్తం ఆమె రక్తంతో పడుతుందో లేదో చూడడానికి, ట్యూబులు 37 డిగ్రీల దగ్గర పెట్టా. మొత్తం అయ్యేసరికి ముప్పావుగంట. అతను బెంచీ మీద కూర్చోలేడు, నిలబడలేడు. మూడుసార్లు అయిందా అన్నాడు. నాలుగోసారి అడగబోయి, నా బల్ల మీద పుస్తకం చూశాడు.

"ఏం పుస్తకం మ్మా అది?"

"దయ్యం కథన్నా."

"దయ్యం ఏం జేసద్ది?"

"ఒక పిల్లని ప్రేమించాడు. పెళ్ళి చేసుకోవాలంటాడు."

అతను కాసేపు ఆలోచించాడు. "చచ్చినోడు పెళ్ళెట్టా చేసుకుంటాడు మ్మా?"

"నేనూ అదే చదవతా ఉండా."

మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పా. ట్యూబులు చూడ్డానికి లేచినప్పుడల్లా కథ ఆపి, వచ్చి మళ్ళీ ఎత్తుకున్నా. పిల్ల వాళ్ళ నాన్న ఒప్పుకుంటాడా అన్నాడు. ఆ పిశాచం ఏ కులం అని కూడా అడిగాడు, నవ్వాపుకోలేకపోయా, అతనూ నవ్వాడు. మూడు కావస్తుండగా బ్యాగులు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నా. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇంతకీ పెళ్ళి అయిద్దా?" అన్నాడు. "అయిద్ది" అన్నా. అప్పటికి ఆ పేజీ దాకా రాలేదు నేను. కానీ ఈ రకం నవలల్లో అది ముందే ఒప్పందం, మధ్యలో ఎన్ని చిక్కులు పెట్టినా చివరికి ఇద్దర్నీ కలపకపోతే పాఠకులు ఊరుకోరు.

ఆ చెల్లెలు ఎలా ఉందో నాకు తెలియదు. బ్యాగు కౌంటర్ దాటాక ఏమైందో మాకు ఎవరూ వచ్చి చెప్పరు, చెప్పాలని గుర్తూ ఉండదు. ఇరవై ఆరేళ్ళుగా ఇంతే. ఇంటికెళ్ళి పడుకునే ముందు మిగిలిన నలభై పేజీలు చదివేసి, పెళ్ళి చూసి, అప్పుడు నిద్రపోయా.

ఇదే ప్రయోజనం అని రాసుకోకండి మాస్టారూ. ఆ రాత్రి లేకపోయినా చదివేదాన్నే. మగవాళ్ళు క్రికెట్ చూస్తే, చీట్లాడితే, వీధి అరుగు మీద రాజకీయం మాట్లాడితే ఎవరికి లాభం అని ఏ పేపర్లోనూ ఉత్తరం రాదు. ఆడపిల్ల పుస్తకం పట్టుకుని తనలో తను నవ్వుకుంటే మాత్రం ఇంట్లో అందరికీ టెన్షన్. మా నాన్నకు అమ్మ మీద ఉన్న అనుమానమే మీ ఉత్తరంలో కనిపించింది. కోపంగా రాయట్లేదు, కనిపించింది, అంతే.

సంపాదకులు గారూ, మీకొక విన్నపం. మీ ఆదివారం సంచికలో వారం వారం సీరియల్ మళ్ళీ మొదలుపెట్టండి. సందేశం లేకపోయినా పర్లేదు. పిశాచం ప్రేమకథ అయితే మరీ మంచిది, మన ఊళ్ళలో జరగాలి. బిట్రగుంటలో పాత రైలింజన్ల షెడ్డు ఉంది, ఆవిరి ఇంజన్ల కాలంలో ఎంత సందడో పెద్దవాళ్ళు చెబుతారు, ఇప్పుడు రాత్రిపూట చూస్తే కథ దానంతటదే పుడుతుంది. ఫోనులో ఎంతైనా చదువుకోవచ్చు, నేనూ చదువుతా. కానీ వారం రోజులు ఆగాల్సి రావడంలో ఉన్న కడుపునొప్పి ఫోను ఇవ్వదు. పేజీలు చించి కుట్టుకోవడానికి అమ్మ సూది నా దగ్గరే ఉంది.

మాస్టారి చిరునామా మీ దగ్గర ఉంటుంది కదా. చెన్నై సెంట్రల్ దగ్గర పాత పుస్తకాల కొట్లో నలభై రూపాయలకు కొన్న డ్రాకులా ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, ఆయనకు చేర్చండి. లూసీకి రక్తం ఎక్కించే పేజీల్లో పక్కన పెన్సిల్‌తో నా చీవాట్లు ఉంటాయి, పట్టించుకోవద్దనండి. చదివి తిరిగి ఇవ్వడానికి నెల్లూరు వస్తే మా బ్లడ్ బ్యాంక్‌కే రమ్మనండి. అరవై అయిదు దాటి ఉంటే రక్తం తీసుకోం, టీ ఇస్తాం. మనవరాలిని కూడా తీసుకురమ్మనండి, పద్దెనిమిది నిండి, 45 కిలోలుండి, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటే ఆ పిల్లని మాత్రం ఊరికే వదలను.

ఇట్లు
మీ పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు